కుడికాలు ముందు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడమనిషి గడప దాటితే అందరి కళ్ళూ ఆమె పాదాల మీదే ఉండేవి. కుడికాలు ముందు పడితే కొడుకు, ఎడమకాలు పడితే కూతురు. ఇంకా చాలా గుర్తులుండేవి. పొట్ట ముందుకు పొడుచుకొస్తే కొడుకు, పక్కలకు పరుచుకుంటే కూతురు. వేవిళ్ళు ఎక్కువైతే కూతురు. తల్లి ముఖం కళ తప్పితే ఆ కళను లోపలి ఆడపిల్ల లాగేసుకుంటోందనేవారు. అంటే ఆడపిల్ల పుట్టకముందే దొంగ అయిపోయేది. నన్ను బడికి పంపలేదు. పలక పట్టని నాకు ఈ పాఠాలన్నీ ఎనిమిదేళ్ళకే నోటికి వచ్చు.

నాకు అంత బాగా రావడానికి కారణం మా అవ్వ. మా నాయన తల్లి. పుత్తూరు చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకు పురుళ్ళు పోసేది ఆమే. ఆముదం బుడ్డి, పాత గుడ్డల మూట పట్టుకుని నేను ఆమె వెనకాల తిరిగేదాన్ని. అయిదో నెలలో చలిమిడి పెట్టి, గాజులు తొడిగే రోజున ఎవరింట్లోనైనా అవ్వను పిలిచి పీట వేసేవారు. గాజులు తొడగడం అయ్యాక అందరూ ఎదురుచూసేది ఒక్కదాని కోసమే. అవ్వ కడుపుతో ఉన్న ఆ పిల్లను చాప మీది నుంచి లేపి గడప దాటిస్తుంది. ఏ కాలు ముందు పడిందో చూసి చెబుతుంది.

అవ్వ లేపిన ప్రతి పిల్లకూ కుడికాలే ముందు పడేది. అది ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. అవ్వ ఎప్పుడూ పిల్లకు ఎడమవైపే నిలబడేది. ఎడమ భుజం మీద చెయ్యి వేసి, గడప దగ్గరికి వచ్చేసరికి కొంచెం అదిమేది. ఒక మధ్యాహ్నం మా పెరట్లో కట్టెల మోపు ఎడమ భుజానికి ఎత్తుకుని నేనే నడిచి చూసుకున్నాను. బరువు ఎడమకాలి మీద ఉంటే లేచేది కుడికాలే. అవ్వ నిజాన్ని దాచిపెడుతోందని, ఆ నిజం నేను కనిపెట్టానని నాకు ఒకటే సంబరం.

ఆమె చెప్పిన కొడుకుల్లో సగం మంది కూతుళ్ళే అయ్యేవారు. అప్పుడు అవ్వ తప్పు తన మీద వేసుకునేది. కళ్ళు మసకేస్తున్నాయి, నాకే సరిగా కనపడలేదు అనేది. జనం తప్పిన మాట మర్చిపోయి, కుదిరిన మాటను ఊరూరా చెప్పుకునేవారు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఆ ఇంటి కోడలు. ఇద్దరు ఆడపిల్లల తల్లి, మూడోసారి కడుపుతో ఉంది. నాకు తల దువ్వి, కనకాంబరాలు పెట్టేది ఆ అక్కే. మూడోది కూడా ఆడపిల్ల అయితే కొడుక్కి ఇంకో పెళ్ళి చేస్తానని వాళ్ళ అత్త బావి దగ్గర అందరి ముందూ చెప్పేసింది. పిల్లను కూడా చూసిపెట్టుకుందని అనుకునేవారు.

గాజుల రోజున ఆ మాటే మళ్ళీ ఎత్తింది ఆమె. "చెప్పు వదినా. ఇదీ ఆడదే అయితే నా దావ నేను చూసుకోవల్ల."

"చూసుకుందువులే. ముందు పిల్లని లెయ్యనీ" అనింది అవ్వ. ఎడమ భుజం మీద చెయ్యి వేసింది. కుడికాలు గడప దాటింది. "చూస్తివి గదా. ఇంక పాలల్లో నీళ్ళు కలపబాక."

ఆ రోజు నుంచి అక్కకు పొద్దున చెంబెడు పాలు, మధ్యాహ్నం ఉడకబెట్టిన గుడ్డు. బావి నుంచి నీళ్ళు మోసే పని అత్తే చేసుకుంది. అక్క ఆ గుడ్డును తలుపు చాటున విడదీసి, పచ్చసొన ఇద్దరు కూతుళ్ళకూ చెరి సగం పెట్టేది. పాలు కూడా సగం వాళ్ళకే. ఎముకలు తేలిన ఆ పిల్లల బుగ్గలు నెల తిరిగేసరికి నిండాయి. లోపల ఉన్నాడన్న మగబిడ్డ పేరు చెప్పి ముగ్గురు ఆడవాళ్ళు కడుపునిండా తిన్నారు. ఇది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు పచ్చసొన నాకు పెట్టలేదనే నా బాధ.

అక్కకు ఏడో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం నేను ఆ ఇంటి వసారాలో గవ్వలాడుకుంటున్నాను. అక్క లోపల నిద్రపోతోంది. అత్త పొయ్యి మీది నుంచి గుడ్డు తీసి పెంకు ఒలుస్తూ నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏమ్మే, మీ అవ్వతోనే తిరుగుతావు గదా. నువ్వేమన్నా నేర్సుకున్యావా? మా కోడలి నడక సూస్తే ఏమనిపిస్తాది?"

నన్ను ఏదైనా అడిగిన పెద్దవాళ్ళు అంతవరకూ లేరు. నాకు తెలిసిందంతా చెప్పాను. వేవిళ్ళు అయిదో నెల దాకా ఆగలేదన్నాను. పొట్ట పక్కలకు ఉందన్నాను. ఇంకా ఆమె నన్నే చూస్తోంది.

"రోజూ మీ గడప దాటేటప్పుడు ఎడమకాలే పెద్దమ్మా. గాజుల పొద్దు మా అవ్వ అదిమింది గాబట్టి కుడికాలు పడింది."

ఆమె మిగిలిన పెంకు కూడా ఒలిచింది. తర్వాత నవ్వింది. "మీ అవ్వకన్నా నువ్వే నయం" అని ఒలిచిన గుడ్డు నా చేతిలో పెట్టింది. వేడిగా ఉంది. నేను అక్కడే నిలబడి మొత్తం తినేశాను.

మరుసటి రోజు నుంచి పాలు ఆగిపోయాయి. నీళ్ళ బిందె మళ్ళీ అక్క చంకకెక్కింది. అవ్వ పోయి అడిగితే, నడక మారింది వదినా, నువ్వే సరిగా చూడలేదు అని అత్త మొహం తిప్పుకుందట. పొట్ట చూడు, కొడుకు పొట్టే అని అవ్వ వాదించింది. ఒట్టు కూడా వేసింది. ఎవరు చెప్పారన్నది అత్త బయటపెట్టలేదు. నేను మా ఇంట్లో వడ్ల కుదురు వెనక నక్కి కూర్చున్నాను. అక్క నన్ను తల దువ్వుకోను రమ్మని పిలిచినా పోలేదు.

వేరుశనగ పీకే రోజులు వచ్చాయి. ఆ ఏడు ఆఖరి వాన పడలేదు. నేల రాయిలాగా గట్టిపడింది. ఎనిమిదో నెల నిండని అక్కను కూలోళ్ళతో పాటు చేలో కాయలు తవ్వను కూర్చోబెట్టారు. మూడో రోజు అక్కడే నొప్పులు మొదలయ్యాయి. చుట్టూ చాటుగా గుడ్డ కట్టి మంచం మీద మోసుకొచ్చారు. నేను ఆముదం బుడ్డి పట్టుకుని తలుపు బయట నిలబడ్డాను.

బిడ్డ ఏడుపు వినపడలేదు. అవ్వ గుడ్డలో చుట్టి బయటికి తెచ్చింది. నా రెండు అరచేతులంత ఉన్నాడు. మగబిడ్డ.

అత్త గుండెలు బాదుకుంది. వదిన నోటిమాట ఎప్పుడన్నా తప్పిందా అని ఊరంతా వినేట్టు ఏడ్చింది. వంశాన్ని నిలబెట్టే బిడ్డను కడుపులో నిలుపుకోలేని పాపిష్టిదని అక్కను తిట్టింది. పాలు ఎందుకు ఆపిందో, చేలోకి ఎందుకు పంపిందో ఆ ఏడుపులో ఒక్క మాటా రాలేదు. నాలుగు ఊళ్ళలో మా అవ్వ పేరు ఇంకా పెరిగింది. ఎనిమిదో నెల బిడ్డలు బతకరని అందరూ అనేవారు. తిండి ఆగకపోయి ఉంటే ఆ బిడ్డ బతికేవాడో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తలుచుకున్నా అక్కడికి వచ్చి ఆగిపోతాను.

ఆ సాయంత్రం అవ్వ పెరట్లో బూడిదతో చేతులు తోముకుంటుంటే నీళ్ళు పోస్తూ అంతా చెప్పేశాను. గుడ్డు సంగతి కూడా. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"లోపల ఎవురుండారో నాకు యాడ తెలుస్తాదే" అనింది. "కాలు సూసి కాదు, పొట్ట సూసి కాదు, ఎవురికీ తెల్దు. మగబిడ్డ అంటే తిండి పెడతారు, ఆడబిడ్డ అంటే పెట్టరు. నాకు తెలిసిందంతా అదే." చెంబులో నీళ్ళు అయిపోయేదాకా చేతులు కడుక్కుంది. "చెయ్యి ఇరిగితే పుత్తూరు కట్టుండాది. నోరు జారితే యాడ కట్టించుకుంటావు?"

ఆ ఇంట్లోకి సంవత్సరం తిరగకుండా ఇంకో కోడలు వచ్చింది. అక్క పుట్టింటివాళ్ళది పూతలపట్టు దగ్గర పల్లె. అక్కడికి వెళ్ళిపోయేరోజు మూట తల మీద పెట్టుకుని, పెద్దదాన్ని నడిపించుకుంటూ, చిన్నదాన్ని ఎడమ చంకన ఎత్తుకుని బయటికొచ్చింది. ఏ కాలు ముందు పెట్టిందో చూడాల్సిన అవసరం ఇక ఎవరికీ లేదు. నేను చూశాను. కుడికాలు. మా గోడ దగ్గర ఆగి, తల దువ్వుకోమ్మే, పేలు పడతాయి అని నాకు చెప్పి పోయింది. ఆమెకు తెలుసో తెలియదో నేను కనుక్కోలేదు.

యాభై అయిదో ఏట అంగన్‌వాడీలో మధ్యాహ్నాలు కూర్చుని నేను అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న నా మనవరాలితో తిరుపతిలో స్కానింగ్ తీసేచోటికి పోయాను. దానికి అయిదో నెల. గోడ మీద బోర్డు ఉంది. కూడబలుక్కుని చదివాను. పుట్టబోయే బిడ్డ ఆడో మగో ఇక్కడ చెప్పరట, అడగడం కూడా నేరమట. ఆ బోర్డు కిందే కూర్చుని దాని అత్త నా చెవి దగ్గర అడిగింది.

"మిషనోళ్ళు చెప్పరు గదమ్మా. పెద్దోళ్ళు మీరు. పిల్ల నడక సూసి మీరన్నా చెప్పండి."

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ ఇంట్లో పాలకూ గుడ్లకూ కొదవ లేదు. కానీ చెప్పే మిషను ఎక్కడో ఒకచోట దొరుకుతుందని నాకు తెలుసు. అప్పుడు ఒక్క మాటకు తిండి ఆగింది. ఇప్పుడు ఆ మాటకు బిడ్డే ఆగిపోతుంది. లోపలికి పిలిచారు. మనవరాలు లేచింది. నా చెయ్యి దానంతట అదే దాని ఎడమ భుజం మీదకు పోయింది.

"సూడమ్మా" అన్నాను. "కుడికాలే."

నాకు తెలియని సంగతి తెలిసినట్టు చెప్పాను. సిగ్గుపడలేదు.

ఇంటికొచ్చాక గుడ్డు ఉడకబెట్టి, ఒలిచి దాని చేతికిచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. సగం విరిచి, నువ్వూ తినవ్వా అని నా నోటి దగ్గర పెట్టింది. తల తిప్పుకున్నాను. నేను గుడ్డు తినను. ఎవరైనా అడిగితే ఒంటికి పడదంటాను. ఆ రోజు నా చేతిలో పెట్టిన గుడ్డు ఎవరి కోసం ఉడకబెట్టిందో నాకు తెలుసు. తినేటప్పుడు కూడా తెలుసు.