ద్రామ్‌కి బంగారు పూత

గుడివాడ పాసింజర్లో మూడో పెట్టెలో ఎప్పుడూ సీటు దొరికేది. చలపతిరావు అందులో ఎక్కేవాడు కాబట్టి. రోజూ వెళ్ళొచ్చే ఉద్యోగస్తులంతా ఆ సంగతి తెలిసి పక్క పెట్టెల్లో నిలబడైనా వెళ్ళేవాళ్ళు. తెలియక కూర్చున్నవాడు బందరులో రైలు కదలగానే దొరికిపోయేవాడు. పెడన దాటేలోపు ఆయన ఉపన్యాసంలో తిగ్రాన్ చక్రవర్తి తన బొమ్మతో వెండి నాణేలు కొట్టించేవాడు. గుడ్లవల్లేరు వచ్చేసరికి ఆర్మేనియా రాజ్యం కాస్తా కూలిపోయేది.

గుడివాడ ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తాకి ఆర్మేనియా నాణేలతో ఏం పనండీ అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. అడిగి ఒక పూట పోగొట్టుకున్నాను.

"అప్పయ్యా, మూడొందల ఏళ్ళ కిందట ఆర్మేనియా వర్తకులు మన బందరులో కలంకారీ గుడ్డలు కొని ఓడలకెక్కించారయ్యా. అప్పటికి వాళ్ళకి సొంత రాజ్యం లేదు. రాజ్యం లేదు గనక నాణెమూ లేదు. మొగలు రూపాయలు, వరహాలు, పర్షియా డబ్బు, ఎక్కడ ఏది చెల్లితే దాంతోనే బేరం. చేతిలో అంత డబ్బు ఆడుతున్నా తమదన్న నాణెం ఒక్కటి లేదు. ఆ బాధ నీకు తెలుస్తుందా?"

నాకు తెలియలేదు. నేను చిలకలపూడిలో కవరింగ్ నగలకి బంగారు పూత వేసేవాణ్ణి. మా వీధిలో రోజంతా బంగారంతో పని చేసేవాళ్ళలో ఎవరికీ తమదన్న బంగారం పిసరంత లేదు. ఆ బాధతో ఎవరూ రైలెక్కి ఉపన్యాసాలివ్వలేదు.

ఆయన భార్య అరుణకుమారి నన్ను అన్నయ్యా అని పిలిచేది. ఆ వరసన ఆయన నాకు బావ. ఈ వెటకారం ఆ చనువుతోనే. కోపం మాత్రం వరసతో వచ్చింది కాదు.

అరుణకుమారికి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు ఒకటుండేది. తొంభైఆరులో బెజవాడలో పాత నాణేల ప్రదర్శన పెడితే చలపతిరావు వెళ్ళాడు. అక్కడ ఒక కలకత్తా వ్యాపారి దగ్గర ఆర్మేనియా రాజు లెవోన్ కాలం నాటి ద్రామ్ అనే వెండి నాణెం చూశాడట. ఎనిమిదొందల ఏళ్ళ నాటిది. ఒకవైపు మోకరిల్లిన రాజు, రెండోవైపు శిలువకి అటూ ఇటూ సింహాలు. ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా కాసులపేరు అడిగాడు.

"ఆ ద్రామ్‌ని మ్యూజియం వాళ్ళు ఎగరేసుకుపోతారు అరుణా. అమ్మిన రోజే నీ కాసులపేరు నీ మెళ్ళో ఉంటుంది. మూడు నెలలు, అంతే."

ఆవిడ ఇచ్చింది. ఆయన దాన్ని అమ్మేసి ఆ ద్రామ్ కొన్నాడు. తర్వాత పెళ్ళిళ్ళకి బోసి మెడతో వెళ్ళలేక నా దగ్గరికొచ్చి అచ్చం అలాంటిదే కవరింగ్‌ది చేయించుకుంది. "ఎవరికీ చెప్పకన్నయ్యా, కొన్నాళ్ళేగా" అంది. ఆ కొన్నాళ్ళు పూర్తికాకుండానే దానికి నేను రెండుసార్లు మళ్ళీ పూత వేశాను.

ఇంతా చేసి తెచ్చిన నాణెం వంకర అంచుతో, నల్లగా, చింతగింజలా ఉండేది. కొసరుగా ఆ వ్యాపారి ఇంకో కొత్త బిళ్ళ కూడా పడేశాడు. సోవియట్ రూబుళ్ళు పోయి తొంభైమూడులో ఆర్మేనియాకి మళ్ళీ సొంత డబ్బు వచ్చిందట, దాని పేరూ ద్రామేనట. ఇది తొంభైనాలుగు నాటి అల్యూమినియం నాణెం, ఊదితే ఎగిరేంత తేలిక.

"ద్రామ్ అంటే ఆ రోజుల్లో అచ్చంగా వెండి నాణెమయ్యా. ఇదేమిటిది, సత్తు!" అని చలపతిరావు దాన్ని తన నాణేలు దాచుకునే సబ్బుపెట్టెలోకి విసిరేశాడు.

మూడు నెలలు కాస్తా రెండేళ్ళయ్యాయి. చివరికి హైదరాబాదులో ఒక మ్యూజియానికి నాణేలు పరీక్షించే షబీనా గారు ఉత్తరం రాశారు, వచ్చి చూస్తామని, బాగుంటే కొంటామని. చలపతిరావు ఆ ఉత్తరాన్ని జిరాక్సు తీయించి రైల్లో అన్ని పెట్టెల్లోనూ పంచాడు. అరుణకుమారి మాత్రం నా దగ్గరికొచ్చి, "మా అమ్మమ్మ కాసుల మీద బొమ్మ నీకు గుర్తుందిగా అన్నయ్యా? కంసాలికి నువ్వే చెప్పాలి" అంది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

షబీనా గారు రావడానికి రెండు రోజుల ముందు చలపతిరావు నా షాపు మెట్లెక్కాడు.

"దీనికి కాస్త పూత వెయ్యి అప్పయ్యా."

"అది వెండి కదా బావగారూ?"

"వెండే. కానీ ఎలా ఉందో చూడు. అంత దూరం నుంచి పెద్దమనిషి వస్తుంటే మాసిన చొక్కాతో ఎదురెళ్తామా? వెండికే అంత రేటుంటే బంగారం రంగు తేలితే ఇంకెంతుంటుంది?"

ఇరవై ఏళ్ళు నాణేల చరిత్ర చదివిన మనిషి మాట అది. నేను నవ్వి పంపెయ్యాల్సింది. నేనూ చిలకలపూడివాణ్ణే కదా. పూత వేస్తే రేటు పెరగని వస్తువుని నా జన్మలో చూడలేదు. కుంకుడు రసంలో నానబెట్టి, బాగా తోమి, మెరుగు పెట్టే చక్రానికి పట్టాను. రాజుగారి మొహం దగ్గర గరుగ్గా తగిలితే ఇంకాస్త పట్టాను. పూత రెండుసార్లు వేశాను. పైసా తీసుకోలేదు. చెల్లెమ్మ కాసులపేరు తిరిగొస్తే అదే చాలనుకున్నాను.

షబీనా గారు వచ్చిన రోజు నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. చలపతిరావు తిగ్రాన్ దగ్గర మొదలుపెట్టాడు. ఆవిడ ఓపిగ్గా విని, నాణెం అందుకుని, భూతద్దంలో చాలాసేపు చూశారు.

"మీ చేతికొచ్చినప్పుడు ఇలాగే ఉందా అండీ?"

"అబ్బే! మీరొస్తున్నారని బాగు చేయించామండీ."

ఆవిడ నాణెం బల్ల మీద పెట్టేశారు. "నిజమైనదే అండీ. ఆ నలుపుతో అలాగే ఉండి ఉంటే తప్పకుండా కొనేవాళ్ళం."

"పూత తీసేస్తానండీ" అన్నాను నేను గబగబా.

"పూత తీయొచ్చు. రాజు మొహం ఎక్కణ్ణుంచి తెస్తారు?"

అరుణకుమారి వంటింటి గుమ్మంలో కోవా పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఆవిణ్ణి చూసేమో, షబీనా గారు సబ్బుపెట్టెలోని అల్యూమినియం బిళ్ళ తీసి, "ఇది మా దగ్గర లేదు, కొత్త నాణేల అరలో పెట్టుకుంటాం, ఇస్తారా? మీ పేరు కూడా రాస్తాం" అన్నారు. అలా చలపతిరావు పేరు మ్యూజియానికెక్కింది, కొసరు బిళ్ళతో.

వారం తర్వాత అరుణకుమారి ఆ పూత నాణెం, కవరింగ్ కాసులపేరు రెండూ పట్టుకుని షాపుకొచ్చింది.

"దీనికి రింగు అతికి కాసులపేరు మధ్యలో వేలాడదియ్యి అన్నయ్యా."

"ఎందుకమ్మా? చూసినప్పుడల్లా కడుపుమంట కదా."

"ఇందులో కాసులన్నీ నువ్వు చేసినవే. నేను కొన్నది ఇదొక్కటే."

రింగు అతికాను.

తర్వాత నెలలో పెడనలో ఒక పెళ్ళిలో చూశాను. పక్కనున్నావిడ ఆ బిళ్ళని వేలితో తిప్పి చూస్తూ, "ఇదేం కాసండీ, దీనిమీద బొమ్మకి మొహమే లేదు?" అంది. చలపతిరావు గొంతు సవరించుకుని ముందుకు జరిగాడు. అరుణకుమారి తలతిప్పి ఆయన వంక చూసింది. ఆయన నోరు మూసుకుని, విస్తరిలో పప్పు కలుపుకున్నాడు.