నాలుగు పంకాలు, రెండు తోకలు

అరవైల్లో నేను తాండూరు బడిలో పంతుల్ని. పక్కింటి దర్జీ భాయ్‌కీ నాకూ ఒకటే పిచ్చి, మిలిటరీ పంకా విమానాలు. బీదరు వైపు నుంచి వచ్చేవాటి కోసం ఆదివారం పూట నాపరాళ్లు పరిచిన మా మిద్దె మీద వెల్లకిలా పడుకునేవాళ్లం. వీపులు అట్లలా కాలేవి.

మాకొక నియమం ఉండేది. మోత వినగానే కళ్లు మూసుకుని, పంకాలెన్నో చెవితోనే తేల్చుకుని, ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాకే చూడాలి. ఇద్దరూ చూస్తేనే లెక్క. నమ్మకం తక్కువ కనుక ఒకరి కళ్లు ఇంకొకరం మూసేవాళ్లం.

ఒకసారి ధారూర్ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా పైన నాలుగు పంకాల బాంబరు విమానాన్ని చూశానని, దానికి రెండు తోకలున్నాయని భాయ్ ఒట్టేశాడు.

"రెండు తోకలేంది భాయ్, ఎండ కొట్టిందా?" అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకున్నాడు. నాకు మాత్రం లోపల ఒకటే కుళ్లు. అది నిజమైతే నేనూ చూసి తీరాలి.

ఒక ఆదివారం బరువైన మోత వినబడింది. వెంటనే కళ్లు మూసుకున్నాం.

"నాలుగు, సార్!"

"రెండే!"

మొండితనంలో ఇద్దరం ఇద్దరమే. అవతల మిరపకాయలు ఆరబోస్తున్న మా ఆవిడ, "గా లొల్లి బంద్ చేసి మీదికి చూడుండ్రి!" అని అరిచింది. రోజూ తిట్టేదేగా అనుకున్నాం. మోత సన్నగిల్లింది.

"పాయె," అంది. "నాలుగు పంకాలు. ఎనక రెండు తోకలు."

భాయ్ ఎగిరి గంతేశాడు. "నేను చెప్పలేదా సార్!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఈసారి తానూ చూడలేదన్న సంగతే అతనికి పట్టలేదు.

"ఇద్దరు చూడాలె. లెక్కకు రాదు," అన్నాను ఉక్రోషంగా.

"నేను, ఆపా ఇద్దరం చూసినం గద!" అంది మా ఆవిడ. పక్కనే మిరపకాయలు పరుస్తున్న భాయ్ భార్య తలూపింది.

వాళ్లు దిగిపోయినా నేను ఆకాశం చూస్తూ అక్కడే కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

మరుసటి ఆదివారం మళ్లీ మోత. అలవాటుగా కళ్లు మూసుకుని భాయ్ చెయ్యి కోసం ఆగాను. రాలేదు. కళ్లు తెరిచి చూస్తే, అతను తన కళ్లే రెండు చేతులతో గట్టిగా మూసుకుని పడుకున్నాడు.

"మీరు చూడుండ్రి సార్," అన్నాడు. "నేను ధారూర్ల చూసిన గద, మూసుకుంట."

చూశాను. రెండు పంకాలదే. అయినా అతనితో నాలుగన్నాను.