స్కార్బా దీవిని చుట్టి వచ్చిన అత్త

పోయిన ఆదివారం పొద్దున నేను ఫ్రీమాంట్‌లో ఇంకా కాఫీ కూడా పెట్టుకోకముందే మామయ్య ఫోన్ చేశాడు. “మీ అత్త వెళ్ళిపోయిందమ్మా,” అన్నాడు. తర్వాత ఆయనే, వాళ్ళుండే నోవైలో తెల్లవారుజాము నుంచీ మంచు పడుతోందనీ, డ్రైవ్‌వే ఇంకా క్లీన్ చేయలేదనీ, వచ్చేవాళ్ళు జారిపడతారేమోననీ చెప్పాడు. ఫ్లైట్ బుక్ చేసుకుని వస్తున్నానన్నాను.

ఆమె మా నాన్నకి అక్క. నేను మాస్టర్స్ చేయడానికి మిషిగన్ వచ్చిన రెండేళ్ళూ నాకు అమ్మా, ఇల్లూ ఆమే. శుక్రవారం సాయంత్రం యూనివర్సిటీకి కార్లో వచ్చి నన్ను తీసుకెళ్ళేది. కార్ల కంపెనీలో బ్రేకులు టెస్ట్ చేసే ఇంజనీరు. గుడివాడ దగ్గర పల్లెలో పుట్టి, కాలేజీ విహారయాత్రలో తప్ప సముద్రం చూడని మనిషి. నలభై రెండో ఏట ఆఫీసులో ఒకావిడ ఆమెని సరదాగా తెరచాప పడవ ఎక్కించిందట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కలుపుకున్న అన్నం ముందు పెట్టుకుని తినడం మర్చిపోయి కూర్చుందని మామయ్య చెప్పేవాడు. ఆ వేసవి అయ్యేలోపు పాత పడవ ఒకటి కొనేసింది. శనాదివారాల్లో తోటివాళ్ళంతా గుడి దగ్గర కలుసుకుంటే, అత్త బొట్టు పెట్టుకుని, లైఫ్ జాకెట్ వేసుకుని సరస్సు మీద ఉండేది.

చలికాలం పడవ ఒడ్డెక్కేది. అప్పుడు బేస్‌మెంట్‌లో పింగ్‌పాంగ్ బల్ల మీద స్కాట్లండ్ పడమటి తీరం పరుచుకునేది. ఆఫీసు నుంచి తెచ్చిన అరిగిపోయిన బ్రేక్ ప్యాడ్లు నాలుగు మూలలా బరువు పెట్టి, జుట్టు ముడిలోంచి పెన్సిల్ తీసి, ఆ సముద్రపటం మీద తెలుగులో రాసుకునేది. ‘ఇక్కడ రాయి.’ ‘ఇక్కడ నీళ్ళు సుడి.’ ‘ఇక్కడ పడుకోవచ్చు.’ పైన కిటికీ సగం దాకా మంచు పేరుకుని ఉండేది. కింద హీటర్ చప్పుడులో ఆమె ఏదో దీవి వెనక లంగరు వేసుకుని ఉండేది. భోజనానికి పిలిస్తే ఒక్కోసారి వినపడేది కాదు.

స్కాట్లండే ఎందుకని అడిగాను. “మన సరస్సు మంచిదే. పెట్టిన చోట ఉంటుంది. అక్కడ నీళ్ళే నడుస్తాయట. ఆరు గంటలు ఇటూ, ఆరు గంటలు అటూ. అవి నడుస్తుంటే చూడాలని ఉంది,” అంది. దీవుల మధ్య సందుల్లో పోటు వచ్చేటప్పుడు నీళ్ళు ఏటిలా ఒక వైపు పరిగెడతాయనీ, ఆటు తీసేటప్పుడు వెనక్కి పరిగెడతాయనీ, మధ్యలో కాసేపే ఊపిరి పీల్చుకుంటాయనీ నాకు చెప్పింది. “నీళ్ళకి తీరికైనప్పుడు వెళ్ళాలమ్మా. మనకి తీరికైనప్పుడు కాదు.” ఆ మాట ఆ రెండేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో.

నాకు ఫ్రీమాంట్‌లో కొత్త ఉద్యోగం వచ్చిన ఏడాది జూన్‌లో ముగ్గురం వెళ్ళాం. అత్తా, మామయ్యా, నేను. పది రోజులకి ఒక పడవ అద్దెకి తీసుకున్నాం. మామయ్యకి పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అయినా నోరెత్తకుండా అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని వంట చేసేవాడు. మొదటి వారమంతా కలలా గడిచింది. పొగమంచులోంచి కొండలు వచ్చి, మాకేసి చూసి, మళ్ళీ పొగమంచులోకి వెళ్ళిపోయేవి.

తర్వాత పడమటి గాలి లేచింది. కొలన్సే అనే చిన్న దీవి రేవులో రెండు రోజులు కదల్లేకపోయాం. మూడో రోజు పొద్దున చూస్తే గాలి లేదు, ఎండ కాస్తోంది. ఆ సాయంత్రమే గ్లాస్గోలో నా ఫ్లైట్. సోమవారం ఉద్యోగంలో జాయిన్ అవ్వాలి. పడవ అప్పగించాల్సిన రేవుకి దగ్గర దారి జూరా, స్కార్బా దీవుల మధ్య సందులోంచి. కోరీవ్రెకన్ అంటారు. అలా వెళ్తే గ్లాస్గో వెళ్ళే మధ్యాహ్నం బస్సు నాకు అందుతుంది.

అత్త పోటు వేళల పుస్తకం తెరిచింది. మేం ఆగిన రెండు రోజుల్లో పోటు వేళలు కూడా ఆలస్యమవుతూ వచ్చాయి. మేం ఆ సందు చేరేసరికి నీళ్ళు ఇంకా పడమటికి పరిగెడుతూనే ఉంటాయి. గాలి ఆగినా అది లేపిన అలలు పడమటి నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. రెండూ ఎదురెదురుగా కొట్టుకునేది ఆ సందులోనే. రేవులో తాళ్ళు చూసే పెద్దాయన్ని వెళ్ళి అడిగింది. తనైతే ఇంకో కప్పు టీ తాగి ఉత్తరం నుంచి చుట్టి వెళ్తానని ఆయన చెప్పాడట. తిరిగొచ్చి, స్కార్బాకి పైనుంచి తిరిగి వెళ్దామంది. అంటే నా బస్సు పోయినట్టే.

నేను బతిమాలాను. సముద్రం అద్దంలా ఉందని చూపించాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేసే మాట అప్పుడే అన్నాను. “చెరువులాంటి సరస్సులో తిప్పి తిప్పి నీకు భయం పట్టుకుంది అత్తా.”

మామయ్య గిన్నె కడగడం ఆపేశాడు. అత్త మాత్రం పటం మడుచుకుంటూనే ఉంది. “అవునమ్మా, భయమే,” అంది. “భయం లేకపోతే మీ ఇద్దర్నీ ఈ పడవ ఎక్కించి ఉండేదాన్ని కాదు.”

నేను పడవ ముందు భాగానికి వెళ్ళి కూర్చున్నాను. మూడు గంటలు వెనక్కి తిరగలేదు. స్కార్బా పక్కగా, బాగా దూరం నుంచి వెళ్తుంటే ఏదో మోత మొదలైంది. విమానమేమో అన్నాడు మామయ్య. ఆకాశంలో ఏమీ లేదు. మోత ఆగలేదు, పెరగలేదు, ఒకేలా ఉంది. అత్త చెయ్యెత్తి సందు వైపు చూపించింది. అక్కడ తెల్లటి గీత ఒకటి లేచి పడుతోంది. అంతే. ఆమె నాకేసి చూడలేదు.

ఆ తర్వాత చిన్న దీవి వెనక లంగరు వేసి, ఆటు మొదలయ్యేదాకా ఆగాం. అటుకుల ఉప్మా తిన్నాం. సీల్ అనే సముద్ర జంతువు ఒకటి తల పైకెత్తి మమ్మల్ని చాలాసేపు చూసి మునిగిపోయింది. నా ఫ్లైట్ పోయింది. మేనేజర్‌కి మెయిల్ పెడితే, బుధవారం రా, పర్లేదు అని రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. దాని కోసమా నేను అంత మాట అన్నది!

అత్త ఎప్పుడూ ఆ రోజు మాట ఎత్తలేదు. మొన్న నవంబరులో నోవై వెళ్ళాను. అప్పటికే ఆమె గుండె బాగా బలహీనపడింది. మెట్లు దిగలేకపోతోందని పటాన్ని బేస్‌మెంట్ నుంచి మంచం దగ్గరికి తెచ్చిపెట్టాడు మామయ్య. క్షమించమని అడుగుదామని వెళ్ళి, వేరే ప్రశ్న అడిగాను. “నిజంగా అంత ప్రమాదమా అత్తా, ఆ రోజు ఆ సందు?”

“ఏమోనమ్మా. వెళ్ళలేదుగా,” అంది. “అది తెలుసుకోకుండా ఉండటానికే కదా చుట్టూ తిరిగింది.”

చెరువు మాట అప్పుడు ఎత్తాను. అలా అన్నావా అంది. గుర్తు లేదో, లేనట్టు ఊరుకుందో ఇప్పటికీ తెలీదు. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం గుర్తుందని, కళ్ళు మూసుకుని నవ్వింది.

నాకూ అదే గుర్తుంది. లంగరు తీసేసరికి ఆటు మొదలైంది. గాలి లేదు. అత్త ఇంజన్ ఆపేసి నన్ను పిలిచి, చుక్కాని కర్ర నా చేతిలో పెట్టింది. “ఊరికే పట్టుకో. నీళ్ళే తీసుకెళ్తాయి.” తెరచాప వాలిపోయి ఉంది. పడవ కదులుతున్నట్టే లేదు. దీవులే ఒకదాని వెంట ఒకటి మా పక్కనుంచి నడిచి వెళ్తున్నాయి, చప్పుడు లేకుండా. ఒడ్డున తెల్లటి ఇళ్ళ వరస వచ్చింది. ఒక ఇంటి ముందు ఒక ముసలావిడ తాడు మీది దుప్పట్లు తీస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యెత్తింది. అత్త కూడా లేచి నిలబడి చెయ్యెత్తింది. నీళ్ళు మమ్మల్ని మలుపు తిప్పాయి. ఆవిడా, దుప్పట్లూ, ఇళ్ళూ కొండ వెనక్కి వెళ్ళిపోయాయి. అత్త చెయ్యి ఇంకా దించలేదు.