మూపురం గుండు మునిగి ఉండగానే

బత్తలపల్లెలో మా గుడికి వచ్చే ఆడవాళ్లు వారం రోజులుగా అడుగుతున్నారు, చెరువులో తెరచాప పడవ ఎక్కినావంట, ఎట్ల పోవాలి, ఎంత తీసుకుంటారు అని. నలుగురిలో గొంతెత్తి చెప్పడం నాకు చేతకాదు. అందుకే పదో తరగతి తర్వాత పక్కన పెట్టిన కలం మళ్లీ పట్టుకున్నాను.

మిగతావాళ్లు సరదాకి పోతారు. నేను పోయింది మా అమ్మ మొక్కు కోసం. కరువు పనుల కాలంలో ఆమె బుక్కరాయసముద్రం చెరువులో పూడిక మట్టి మోసింది. ఎండిన చెరువు నడుమ ఎద్దు మూపురంలాంటి రాతి గుండు ఒకటి ఉండేది. దాని నీడలోనే కూలోళ్లంతా సద్ది తినేవాళ్లు. ఈ గుండు మునిగేంత నీళ్లొస్తే దాని మీదికే వచ్చి పసుపు కుంకుమ, గాజులు ఇస్తానని అమ్మ గంగమ్మకు మొక్కుకుంది. ఈ ఏడాది గుండు మునిగింది, చూడటానికి అమ్మ లేదు. ఎండలు ముదిరితే నీళ్లు దిగి గుండు తేలుతుంది. మళ్లీ ఎప్పుడు మునుగుతుందో ఎవరికీ తెలియదు. చేపలవాళ్ల గుండ్రటి పుట్టిలో పోదామంటే అది గిర్రున తిరుగుతుంది, నాకు నీళ్లంటే భయం.

విశాఖ రేవులో పనిచేసి వచ్చిన రసూల్ అన్న చలికాలం ఆదివారాల్లో ఈ చెరువులో తెరచాప పడవ నడుపుతాడు. కార్తీకంలో పోతే గాలి ఎక్కువగా ఉందని పడవ దించలేదు. మార్గశిరంలో గాలే లేక చాప వేలాడిపోయింది. తెడ్డు వేసుకుని వెనక్కి వచ్చాము. పుష్యమాసంలో మూడోసారి మా వదినను తోడు తీసుకుని బయలుదేరాను.

ఆరు గంటల పల్లెవెలుగు బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఏడుకు అనంతపురం చేరి, బస్టాండు బయట ఇడ్లీ తిని, మనిషికి ఇరవై రూపాయల షేర్ ఆటోలో ఎనిమిదికల్లా చెరువు కట్ట మీదున్నాము. పడవకు మనిషికి నూటయాభై, ముక్కాలు గంట తిప్పుతారు. నీళ్లలో తేలే జాకెట్టు వాళ్లే ఇస్తారు.

గంగమ్మ మీద చెప్పులతో పోవడమేమిటని నేను కట్ట మీదే విడిచాను. నన్ను చూసి వదినా విడిచింది.

"చెప్పులు ఈడనే పెడతాండారా?" అన్నాడు రసూల్ అన్న.

"మళ్లా ఈడికే కదా వచ్చేది" అంది వదిన. ఆయన చాప వైపు చూసి తాడు విప్పాడు.

గుండు తూర్పున ఉంది. పడవ మాత్రం ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి పోతోంది.

"ఏమన్నా, ఆడికి పోదామంటే యాడికో పోతాండావు?" వదిన అడిగింది.

"గాలికి ఎదురు నేరుగా పోలేమమ్మా. వంకరటింకరగానే పోవల్ల."

"మీ అన్న సంతకు పోయినట్లే ఉండాది" అని వదిన నన్ను గిల్లింది. "బెల్లం కొనేదానికి అన్ని అంగళ్లూ తిరుగుతాడు."

నేను నవ్వలేదు. చాప మారిన ప్రతిసారీ పడవ ఒక పక్కకు ఒరుగుతోంది. పెదవులు కదిలిస్తూ నామం చదువుకుంటున్నాను.

గుండు జానెడు లోతులో పాలిపోయి కనిపించింది. రసూల్ అన్న చాప దించి, తెడ్డుతో పడవను నిలిపాడు. నేను వంగి చెయ్యి పెట్టాను. రాయి చల్లగా, పాచి పట్టి ఉంది. పసుపు కుంకుమ నీళ్లలో కలిపి, పచ్చగాజులు దాని మీద పెట్టాను. రెండు జారిపోయాయి. మిగిలినవి నిలిచాయి. అమ్మ పేరు చెప్పి దండం పెట్టుకున్నాను.

అంతలో గాలి దిక్కు మారి ముదిరింది. "ఈ గాలికి ఆ కట్టకు పోను. మరవకాడ దిగల్ల, నడిచి రోడ్డెక్కండి" అన్నాడాయన. నీళ్లు పొర్లిపోయే ఆ మరవ చెరువుకు అవతలి కొసన ఉంది. అక్కడి నుంచి రోడ్డు దాకా అంతా కంపచెట్లు. రసూల్ అన్న తన చెప్పులు మాకిచ్చాడు. చెరొకటి వేసుకుని, రెండో కాలికి గుచ్చుకున్న ముళ్లు తీసుకుంటూ, అరగంట నడిచాము. మా చెప్పులు ఇంకా కట్ట మీదే ఉన్నాయేమో.

"మీ ఆడబిడ్డకు భయమే ల్యాదు. నోరు గూడా తెరవలే" అని దిగేటప్పుడు ఆయన వదినతో అన్నాడు.

అమ్మ తట్టలో మట్టి మోసిన చోట నేను నీళ్ల మీద కూర్చుని వచ్చాను. కాలు ఇంకా సలుపుతోంది, మనసు మాత్రం తేలికపడింది. పోయేవాళ్లు చెప్పులు సంచిలో పెట్టుకుని పడవలోకే తీసుకుపోండి, ఎక్కిన చోటే దిగుతారని అనుకోవద్దు. ఈ కాగితాలు మీ దగ్గరే దాచుకోండి. రసూల్ అన్నకు మాత్రం చూపించొద్దు. నాకు భయం లేదనే ఆయన అనుకోనీ.