ఎనిమిది వరసల మామిడితోట

మా తోట మీద ఒట్టు, ఈ ఏటి కాపు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒట్లు ఎక్కువ పెట్టేవాణ్ణి నమ్మకూడదని మా చెల్లెలు అంటుంది. అది వేరే సంగతి.

ఆ చెల్లెలి ఎనిమిదేళ్ల కూతురికి మెదడులో గడ్డ వచ్చింది. తొందరగా పెరిగే రకం. బెజవాడలో ఆపరేషన్ చేసి తీశారు. ఎక్కడైనా గడ్డ కణాలు మిగిలి ఉంటే చంపడానికి ఆరు వారాలు రేడియేషన్, ఆ తర్వాత నెలల తరబడి కీమో అన్నారు. రేడియేషన్ ఇచ్చేటప్పుడు పిల్ల గదిలో ఒక్కతే కదలకుండా పడుకోవాలి. కదిలితే రోజూ మత్తు ఇవ్వాలి. మత్తు ఇవ్వాలంటే రోజూ పొద్దున్నే కడుపు మాడ్చాలి. అసలే చిక్కి సగమైన పిల్ల.

తల కదలకుండా, ముఖం అచ్చు తీసి చేసిన వలలాంటి మాస్కు ఒకటి బిగిస్తారు. దాన్ని చూడగానే పిల్ల బేర్‌మంది.

"మన కాయలకి కవర్లు కట్టమూ? ఇదీ అలాంటిదేనే," అన్నాను.

"కాయకి పురుగు పట్టకముందు కడతారు మావయ్యా. నాకు పట్టాక కడుతున్నారు."

మామిడితోటలో పెరిగిన పిల్లతో ఇదే చిక్కు.

చివరికి ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. బయట మైకులోంచి నేను కథ చెబుతూ ఉండాలి.

మొదటిరోజు, మా తాత చాట్రాయిలో చిన్నరసం పండు పిండితే ఎక్కడో దూరాన మైలవరంలో పెళ్లికొడుకు చొక్కా తడిసిన కథ ఎత్తుకున్నాను. పెళ్లివారు కొట్లాటకి ట్రాక్టరు కట్టేసరికి, మా ముందున్న టీవీ తెర మీద పిల్ల పొట్ట నవ్వుకి ఎగిరెగిరి పడుతోంది. టెక్నీషియన్ అమ్మాయి మిషన్ ఆపేసింది.

"ఏమండీ, పాపకి వైద్యం చేయనిస్తారా, హరికథ చెప్తారా?"

"మామూలు కథేనండీ."

"రేపు కూడా ఇలాగే నవ్విస్తే మత్తు ఇవ్వాల్సిందేనన్నారు డాక్టరుగారు."

చెల్లెలు నా వంక చూసింది. "అన్నయ్యా, జన్మకి ఒక్కసారి నిజం చెప్పు. ఎవరూ నవ్వరు."

మర్నాడు మైకు ముందు కూర్చున్నాను. నిజాలు నా దగ్గర నిలవ ఉండవు. ఏం చెయ్యాలో తోచక మా తోట గేటు దగ్గర్నుంచి మొదలెట్టాను. "మొదటి వరస. మొదటి చెట్టు బంగినపల్లి. రెండోది బంగినపల్లి. మూడోది చిన్నరసం, ఓ కొమ్మ విరిగింది..."

టెక్నీషియన్ ఆవులించింది. పిల్ల రాయిలా పడుకుంది. ఎనిమిదో వరస చివర కలెక్టర్ కాయ చెట్టు దగ్గరికి వచ్చేసరికి మిషన్ ఆగింది. మత్తు ఇవ్వాల్సిన పని తప్పింది. మా పిల్ల బయటికొస్తూనే "ఇడ్లీ" అంది.

ఆరు వారాలూ అదే తోట, అవే చెట్లు. జుట్టు రాలిపోయింది. తిన్నది సగం వాంతయ్యేది. తల మాత్రం కదిలేది కాదు. టెక్నీషియన్‌కి చెట్లన్నీ కంఠతా వచ్చేసి, "రెండో వరసలో సువర్ణరేఖ వదిలేశారండీ," అని దిద్దేది.

ఇప్పుడు కీమో నడుస్తోంది. వచ్చే నెల స్కాన్. దాని మీద మాత్రం కోతలు కోయను.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. మా తోటకి ఉన్నవి ఆరే వరసలు. అవి అయిపోయినా మిషన్ ఆగకపోయేసరికి ఏడూ ఎనిమిదీ నోటితోనే నాటేశాను. మొన్న పిల్ల దగ్గర కూడా ఈ మాట ఒప్పేసుకున్నాను.

"తెలుసు మావయ్యా. ఆరో వరస దాటితే కాలవేగా!"

"మరి అప్పుడే అనలేదేమే?"

"నువ్వు రోజూ కాలవలో చెట్లు పెడుతుంటే పళ్లు బిగబట్టి పడుకున్నాను. నవ్వితే మత్తు ఇచ్చేస్తారుగా!"