ఆళ్లగడ్డలో నాలుగు వరుసల రాయి

పొద్దున ఏడూ పదికి నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కినాను. రాయి పనికి పోయేవాళ్లు ఈ బస్సే పట్టుకోండి. ఎండెక్కితే శిల్పుల కొట్టాల్లో దుమ్ముకి నిలబడలేం. నేను పోయింది నా భార్య శాంతమ్మ సమాధి రాయి కోసం.

జేబులో కాగితం, దాని మీద నాలుగు వరుసలు. పైన శాంతమ్మ పేరు, కింద భర్త అని నా పేరు, తర్వాత కొడుకు సామ్యేలు, అడుగున మా పాస్టరయ్య ఎంచిన బైబిలు వాక్యం. సామ్యేలు పదకొండు నెలల పసిబిడ్డప్పుడే జ్వరమొచ్చి పోయినాడు. అప్పుడు రాయి పెట్టే తాహతు లేదు. మట్టిదిబ్బ వానలకు కరిగి, చోటు కూడా తెలీకుండా పోయింది. "నా రాయి మీదన్నా వాని పేరు రాపించు" అని శాంతమ్మ ఆసుపత్రిలో అడిగింది. ఆమె నన్ను అడిగిన చివరి పని అదే.

పక్క సీట్లో శిరివెళ్లకు పోయే ఒకామె, ఒళ్లో నూనె ప్యాకెట్లు. "యాడనో ఓడలు ఆగిపోతే నూనె రేటు పెరిగి నా పొయ్యి మీద బాండలి ఎండిపోతాంది. ఇదేం లెక్కప్పా?" అనింది. అప్పటికి నాకు నవ్వొచ్చింది.

ఎనిమిదిన్నరకు దిగినాను. టీ పన్నెండు రూపాయలు, నీళ్లలాగుంది. శిల్పి అరవై దాటిన మనిషి. కాగితం చూసి, అక్షరానికి డెబ్బై అన్నాడు.

"ఎండాకాలంలో నలభై అంటివి కదన్నా?"

ఆయన కోప్పడలేదు. ఉలి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. మొనకు వేరే లోహం ముక్క అతికించి ఉంది.

"టంగ్‌స్టనప్పా ఇది. ఉత్త ఇనుము ఈ నల్లరాయికి ఆగదు. ఇది ఎక్కువగా తవ్వేది చైనాలో. వాళ్లు బయటికి పంపేది బిగబట్టినారు, ఉలి రేటు పెరిగిపాయె. యుద్ధాలు జరుగుతాండాయి, తుపాకి గుండ్లకీ ఇదే కావాలంట. రాళ్లు కొట్టేటోన్ని ఎవరు చూస్తారు?"

నా దగ్గరున్నవి శాంతమ్మ కోళ్లమ్మి దాచిన దుడ్లే. సమాధులకు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ఇంకో వారమే ఉంది, ఆలోగా రాయి నిలబెట్టాల. పాస్టరయ్య ఏమంటాడో అనుకుంటూనే కాగితం మీది వాక్యం కొట్టేసినాను. ఇంకా చాల్లేదు.

"బిడ్డ పేరు తీసేస్తే సరిపోతాది" అన్నాడు శిల్పి. లెక్క చూసి అన్నాడే గానీ చెడ్డగా కాదు. అయినా నాకు ఒళ్లు మండింది.

"అది తప్ప ఏదైనా తీసెయ్" అన్నాను. ఇంక మిగిలింది నా వరుసే. దాన్ని కొట్టేసినాను.

ఆయన కాగితం తీసుకొని, "నీ పేరుకు చోటు వదుల్తాలేప్పా. నువ్వు పోయినాక చెక్కుకోవచ్చు" అన్నాడు.

ఒంటిగంట బస్సులో తిరిగొస్తుంటే పక్కనున్నాయన, ఆళ్లగడ్డలో ఏం పనని అడిగినాడు. సమాధి రాయికి చెప్పొచ్చినానన్నాను.

"ఎవరిది?"

"నా భార్యది, కొడుకుది. నాది కూడా" అన్నాను.

పోయేవాళ్లకు ఒక మాట. కాగితం ఇంట్లోనే తేల్చుకొని పోండి. ఆడ కూర్చొని ఒక పేరు కొట్టెయ్యాలంటే, అది మన పేరే అయినా, చెయ్యి ఆడదు.