‘ఏమీ మిగలదు’ అని రాయని జోసఫిన్

నా భార్య జోసఫిన్ చివరగా చేసిన పని, నా కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకడం. ఇంజన్ ఆన్ చేసి వదిలేస్తే హీటర్ వేడికి అదే కరుగుతుందని ఎన్ని చలికాలాలు చెప్పానో! “పది నిమిషాలు బండి ఊరికే పొగ వదలాలా అండీ?” అనేది. ఆ శనివారం కూడా అదే అని, గీకి, లోపలికి వచ్చి, టీ కప్పుకు చేతులు ఆనించి వెచ్చబెట్టుకుంటూ కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఆమె వయసు నలభై మూడేళ్ళు.

ఆమెతో వేగడం తేలిక కాదు. పోయిన మనిషి కదా అని ఇప్పుడు తేలికని రాయలేను.

నరసాపురంలో పుట్టి పెరిగింది. ఈ దేశం వచ్చాక, మేముండే ఈ ట్రాయ్ ఊళ్ళో నాలుగేళ్ళు కారు సీట్ల ఫ్రేములు డిజైన్ చేసింది. ఆ కంపెనీ మనుషుల్ని తగ్గించినప్పుడు ఓ చిన్న ఉపగ్రహాల కంపెనీలో చేరింది. పొలాల ఫొటోలు తీసే, ఫ్రిజ్ అంతేసి ఉపగ్రహాలు. వేరేవాళ్ళ రాకెట్‌లో చోటు కొని పైకి పంపుతారు. ఐదేళ్ళయ్యాక కిందికి దించి గాలిపొరల్లో కాల్చేస్తారు. ‘పూర్తిగా కాలిపోతుంది, ఏమీ మిగలదు’ అని ప్రతిదానికీ ముందే రిపోర్ట్ రాసి, సంతకం చేసి, లైసెన్స్ కోసం పంపాలి. ఆ రాతా సంతకమూ జోసఫిన్‌వే. మూడు రాసింది. నాలుగోదాని దగ్గర మొండికేసింది.

దీనికంతటికీ మూలం మా తెలుగు చర్చి. ఒక ఆదివారం పాస్టర్ అయ్యగారు, “అమ్మా, మీ పని గురించి సండే స్కూల్ పిల్లలకి తెలుగులో చెప్పండి,” అన్నారు. చెప్పింది. చివర్లో, “పనైపోయాక అది పైనే కాలిపోతుందమ్మా,” అంది.

తొమ్మిదేళ్ళ అవని చెయ్యెత్తింది. “పోతుంది అంటే ఎక్కడికి పోతుంది, ఆంటీ?”

ఇక్కడ పుట్టిన పిల్లకు అది రెండు పనులుగా వినిపించింది: ముందు కాలుతుంది, తర్వాత ఎక్కడికో బయల్దేరుతుంది. అయ్యగారితో సహా అందరం నవ్వాం. జోసఫిన్ నవ్వలేదు.

ఇంటికొచ్చే దారంతా అదే. “ఎక్కడికీ పోదండీ. అల్యూమినియం సన్నటి పొడి అవుతుంది. ఏళ్ళ తరబడి పైనే ఉంటుంది. ఓజోన్‌ని ఏం చేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఒకటీ రెండూ అయితే సరే, ఇప్పుడు వేలల్లో పంపుతున్నారు. మరి ఏమీ మిగలదని నేనెలా రాశాను?”

“అందరూ రాసినట్టే రాశావు.”

“ఎవాన్ కూడా అదే అంటాడు.” ఎవాన్ ఆమె మేనేజర్.

రిపోర్ట్ ఆలస్యమైతే రాకెట్‌లో చోటు పోతుంది. చోటు పోతే ఆమె ఉద్యోగం ఉండదు. నేను ఆమె వీసా మీద వచ్చినవాణ్ణి; ఆ ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇద్దరం దేశం వదలాలి. రెండు వారాలు బతిమాలాను, తిట్టాను.

“నువ్వొక్కదానివి సంతకం పెట్టకపోతే ఆకాశం క్లీన్ అయిపోతుందా?”

“అవ్వదు. ‘పొడి మిగులుతుంది, ఇంత’ అని రాసి పెడతానంటున్నా. పెట్టనన్లేదుగా.”

“రాయి. జాబ్ పోతుంది. అరవై రోజుల్లో మనమూ పోతాం. ఎక్కడికో ఆ అవనినే అడుగు!”

పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఇక శాటిలైట్ మాట నా దగ్గర ఎత్తొద్దన్నాను.

ఎత్తలేదు. వద్దంటే నిజంగానే మానేసే మనిషి, అదొక విసుగు. పన్నెండు రోజులు కూరగాయల గురించీ, చర్చి క్వయర్ గురించీ మాట్లాడింది. అలిగిందనుకున్నాను. అలిగితే అలగనీ అని నేనూ అడగలేదు. ఆమెకు తెలియకుండా, దగ్గర్లోని నోవై ఊళ్ళో ఉద్యోగాలు చేసే ఇద్దరు స్నేహితులకు ఆమె రెజ్యూమే కూడా పంపాను.

సమాధి కార్యక్రమానికి ఎవాన్ వచ్చాడు. తెలుగు పాటలన్నిటికీ వెనక వరసలో నిలబడే ఉన్నాడు. బయట నా చెయ్యి పట్టుకుని, ఆమె పోవడానికి రెండు రోజుల ముందు, గురువారమే రిపోర్ట్ వెళ్ళిపోయిందని చెప్పాడు. జోసఫిన్ రాసిన వాక్యంతోనే. ముప్పై ఎనిమిది కిలోల పొడి పైనే ఉండిపోతుందని అందులో ఉందట. కంపెనీ లాయర్ చదివి, “నిజమేగా, ఉండనివ్వండి,” అన్నాడట. మొత్తం పది నిమిషాల పని. మా ఇంట్లో నెల రోజుల రభస.

“ఆ రోజు ఆఫీస్‌లో అందరికీ తనే కేక్ కొనిపెట్టింది,” అన్నాడు ఎవాన్. “ఒక ముక్క మీ కోసం బాక్స్‌లో పెట్టుకుని వెళ్ళింది.”

తిన్నాను ఆ ముక్క. తీపి ఎక్కువైందన్నాను. ఆఫీస్‌లో ఎవరిదో పుట్టినరోజు అనుకున్నాను.